ఇంటి గ్యారేజీలో హాట్ రాడ్ బాడీ కట్టుకోవడం ఎలా

దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల నేల మీద 1930ల నాటి కుర్రకారు పాత ఫోర్డు కార్లను పరుగులు తీయించేటప్పుడు మడ్‌గార్డులు, బంపర్లు, పైకప్పు, ఒక్కోసారి ముందు అద్దం కూడా విప్పి పక్కన పెట్టేవారు. అలా వేగం కోసం మార్చుకున్న పాత కారునే హాట్ రాడ్ అంటారు. ఆ విప్పడం అందం కోసం చేసింది కాదు. బరువు తగ్గి, గాలికి అడ్డు తొలగితే బండి మరికాస్త వేగం అందుకుంటుందన్న లెక్క. 1932లో ఫోర్డు చవకగా అందించిన 221 ఘనపుటంగుళాల, 65 అశ్వశక్తి వీ8 ఇంజను ఆ పిచ్చికి ఆజ్యం పోసింది. 1937లో ఏర్పడిన సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఆ పందేలకు ఒక పద్ధతి తెచ్చింది. ఈ చరిత్రతో మీ బాడీకి నేరుగా పని ఉంది. హాట్ రాడ్ మీద ఉన్న ప్రతి గీతకూ ఒకప్పుడు కారణం ఉండేది. కారణం లేని గీతను మీరు కలిపితే, చూసేవాడికి అదేమిటో చెప్పడం రాకపోయినా కంటికి మాత్రం తగులుతూనే ఉంటుంది.

ఇక్కడ నేను బాడీ గురించి మాత్రమే రాస్తున్నాను. చాసిస్, ఇంజను, బ్రేకులు, స్టీరింగ్ సిద్ధంగా ఉన్నాయని, బండి తన చక్రాల మీద తాను నిలబడుతోందని అనుకుందాం. ఉదాహరణకు నేను తీసుకున్నది 1932 ఫోర్డు తరహా చాసిస్ మీద 1928-29 మోడల్ ఎ పోలికలున్న రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని రెండు సీట్ల బండి. మొదటిసారి చేసేవారికి నా సలహా ఒక్కటే: కౌల్, రెండు తలుపులు కొనుక్కోండి, వెనుక భాగం మీ చేత్తో చేసుకోండి. కౌల్ అంటే ఇంజను గదికీ తలుపులకూ మధ్య ఉండే ముక్క. డాష్‌బోర్డు, ముందు అద్దం కాళ్లు, తలుపు కీళ్లు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఒహాయోలోని బ్రూక్‌విల్ రోడ్‌స్టర్ వంటి సంస్థలు మోడల్ ఎ, 1932 ఫోర్డు బాడీ భాగాలను కొత్త ఉక్కు రేకుతో అచ్చు వేసి అమ్ముతున్నాయి. తలుపును సున్నా నుంచి చేయబూనితే లోపలి రేకు, బయటి రేకు, గొళ్లెం, కీళ్లు అన్నీ ఒకేసారి కుదరాలి. అక్కడే చాలామంది ఉత్సాహం చల్లబడి, సగం చేసిన బాడీ గ్యారేజీ మూల చేరుతుంది. వెనుక భాగం అలా కాదు. తప్పు చేసినా ఒక రేకు పోతుంది, బండి వ్యక్తిత్వం కూడా అక్కడే తెలుస్తుంది.

పాత బాడీ దొరికిందని సంబరపడేవారు ఒక సంగతి చూసుకోవాలి. 1930ల మధ్య దాకా షెవ్రొలే బాడీల లోపల చెక్క అస్థిపంజరం ఉండేది. పైన రేకు బాగానే కనిపించినా లోపల చెక్క పుచ్చిపోయి ఉంటే మీరు కొన్నది బాడీ కాదు, రేకుల మూట. ఆ కాలపు ఫోర్డు రోడ్‌స్టర్లలో చెక్క తక్కువ, ఉక్కు ఎక్కువ. ఇంట్లో పనిచేసేవారు ఎక్కువగా ఫోర్డు వైపు మొగ్గడానికి అభిమానంతో పాటు ఇదీ ఒక కారణం.

కాగితాల పని ముందే చూసుకోండి

మీరు అమెరికాలో ఉంటే, రేకు కొనకముందే మీ రాష్ట్రంలో ఇలాంటి బండిని ఏ పేరుతో నమోదు చేస్తారో తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 100 అనే చట్టం కింద ఏడాదికి మొదటి 500 సొంత నిర్మాణ వాహనాలకు మాత్రమే, బాడీ ఏ సంవత్సరపు కారును పోలి ఉందో దాన్ని బట్టి పొగ నిబంధనల్లో వెసులుబాటు ఇస్తారు. మిగతా రాష్ట్రాల పద్ధతులు వేరు. ఎక్కడైనా పనికొచ్చే అలవాటు ఏమిటంటే, కొన్న ప్రతి ముక్కకూ బిల్లు దాచడం, ప్రతి దశలో ఫొటో తీయడం. ఇక పాత చాసిస్ మీద ముద్రించిన నంబరును గ్రైండర్‌తో తాకవద్దు, ఒక చోటి నుంచి కోసి మరో చోట అతకవద్దు; అది నేరం.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి ఇది చదివేవారికి ఒక మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి అక్కడ దీన్ని రోడ్డెక్కించే ఆశ పెట్టుకోకుండా, ప్రదర్శన బండిగానో రేకు పని నేర్చుకునే సాధనగానో చేసుకోవచ్చు. టింకరింగ్ షాపుల్లో చేయి తిరిగిన మేస్త్రీలున్న ఊళ్లలో నేర్చుకోవడానికి లోటుండదు.

మనిషి చుట్టూ బాడీ

చాలామంది బొమ్మతో మొదలుపెడతారు. నేను సీటుతో మొదలుపెట్టమంటాను. చాసిస్ మీద ప్లైవుడ్ పలక పరిచి, అసలు సీటు లేకపోతే అంతే మందం ఉన్న ఫోమ్ ముక్క వేసి, స్టీరింగ్‌నూ పెడల్స్‌నూ తాత్కాలికంగా వాటి స్థానాల్లో బిగించి కూర్చోండి. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటేగానీ మోకాలు ఎక్కడ తగులుతోందో, బ్రేకు తొక్కినప్పుడు బూటు పక్క పెడల్‌కు రాసుకుంటోందో లేదో తెలియదు. మోచేయి ఆనే ఎత్తు, భుజాల వెడల్పు, కంటి ఎత్తు కొలిచి గోడ మీద రాసుకోండి. ఇంట్లో మరొకరు కూడా బండి నడిపేటట్లయితే వారినీ కూర్చోబెట్టి కొలవండి. బండి పూర్తయ్యాక కొలిస్తే వచ్చేది కొలత కాదు, గొడవ.

ఈ దశలోనే రెండు కోరికల మీద నిర్ణయం తీసుకోవాలి. మొదటిది చానెలింగ్, అంటే బాడీని చాసిస్ పట్టాల మీద కూర్చోబెట్టకుండా వాటి పక్కలుగా కిందికి దించడం. బండి నేలను అంటుకున్నట్టు కనిపిస్తుంది, నిజమే. అయితే చాసిస్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి బాడీ ఎన్ని అంగుళాలు దిగితే బండి నేల అన్ని అంగుళాలు లోపలికి పైకి వచ్చినట్టే. ఆ మేరకు కాళ్ల చోటు, సీటు లోతు పోతాయి. మోడల్ ఎ అసలే ఇరుకు. 1932 చాసిస్ పట్టా పక్కన ఉండే నొక్కుడు గీత చూడముచ్చటగా ఉంటుంది, చానెల్ చేస్తే అదీ కనబడదు. అందుకే ఈ జోడీలో బాడీని పట్టా మీదే ఉంచడం మేలని నా అభిప్రాయం. రెండోది చాపింగ్, అంటే ఎత్తు కోయడం. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు కనుక ముందు అద్దం చట్రాన్ని రెండంగుళాలు తగ్గించడంతో సరిపోతుంది. కోసేముందు ఆ ఎత్తులో ఒక కర్ర కట్టి సీట్లో కూర్చోండి. చట్రం పై కమ్మీ సరిగ్గా కళ్లకు అడ్డంగా వస్తే రోజూ మెడ వంచి నడపాల్సి వస్తుంది. పైకప్పున్న కూపేను చాప్ చేయడం ఇంత సులువు కాదు. దాని స్తంభాలు వాలుగా ఉంటాయి కాబట్టి, మధ్యలో ముక్క తీసి పైభాగాన్ని కిందికి దించగానే పై స్తంభం కింది స్తంభానికి ఎదురుగా రాదు. కప్పును అడ్డంగా కోసి సాగదీయాల్సి వస్తుంది. మొదటి బండికి అది వద్దు.

ఇప్పుడు బొమ్మ గీయండి. గ్యారేజీ గోడకు గోధుమరంగు చుట్ట కాగితం అంటించి, పక్క నుంచి చూసిన రూపాన్ని పూర్తి పరిమాణంలో నల్ల టేపుతో గీయాలి. మీరు వాడబోయే టైర్ల కొలతలతోనే చక్రాలు గీయండి. వెనుక పెద్దవి, ముందు చిన్నవి అన్నది హాట్ రాడ్ నిలబడే తీరులో సగం. ఆ రాత్రి ఏమీ నిర్ణయించవద్దు. మర్నాడు ఉదయం గ్యారేజీ తలుపు ఎత్తి, వీధి చివరి నుంచి నడిచి వస్తూ చూడండి. తలుపు పై అంచు గీత వెనుక దాకా ఒకే ఊపులో సాగుతోందా, ఎక్కడైనా తడబడుతోందా అన్నది ముప్పై అడుగుల దూరం నుంచే తెలుస్తుంది. నేను తోక భాగాన్ని గోడ మీద నాలుగుసార్లు మార్చాను; టేపు పీకడానికి క్షణం చాలు, రేకు పీకడానికి వారం పడుతుంది.

అస్థిపంజరం, తలుపులు

చాసిస్‌ను నాలుగు గట్టి స్టాండ్ల మీద, రోడ్డు మీద ఎంత వాలుతో నిలబడాలో అంతే వాలుతో నిలపండి. ఇంజను, గేర్‌బాక్సు వాటి చోట్లలో ఉండాలి. లేకపోతే తరవాత ఆ బరువు పడగానే చాసిస్ కాస్త వంగి, మీరు కుదిర్చిన తలుపు సందులన్నీ మారిపోతాయి. మధ్యగీతగా ఒక దారం బిగించి, మూల నుంచి మూలకు కర్ణాలు కొలవండి. రెండు కర్ణాల మధ్య తేడా మిల్లీమీటరు, ఒకటిన్నర మించితే ముందు దాని సంగతి చూడాలి.

కౌల్‌ను మధ్యగీతకు సరిచేసి బోల్టులతో బిగించాక, అంగుళం చదరపు ఉక్కు గొట్టంతో కింది చట్రం, తలుపు వెనుక స్తంభాలు, తోక దాకా పక్క కమ్మీలు కట్టాలి. బాడీకీ చాసిస్‌కూ మధ్య ప్రతి బోల్టు దగ్గర రబ్బరు ముక్క ఉండాలి. ఇప్పటినుంచే దాన్ని పెట్టి కట్టండి. వెనుక స్తంభాలను వెల్డింగ్‌తో పూర్తిగా అతికేముందు తలుపులు వేలాడదీయాలి. తలుపు కీళ్లు రెండూ ఒకే సరళరేఖలో తిరగాలి కాబట్టి, విడివిడి పిన్నులు తీసేసి రెండు కీళ్లలోంచీ ఒకే పొడవాటి కమ్మీ దూర్చి, ఆ కమ్మీ మీదే తలుపును ఆడిస్తూ కీళ్లను టాక్ చేయండి, అంటే చిన్న వెల్డింగ్ చుక్కలతో తాత్కాలికంగా అతకండి. ఇలా చేస్తే తలుపు ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది; బిగుసుకోవడం, తనంత తానే తెరుచుకోవడం ఉండవు.

తలుపు చుట్టూ సందు వట్టి రేకు మీద 5 మి.మీ. ఉంచండి. ప్రైమరు, రంగు రెండు అంచులకూ చేరేసరికి అది 4 దగ్గరికి వస్తుంది. అంచు రబ్బరు, గొళ్లెం పెట్టాకే సందు సరిచూడాలి, ఎందుకంటే రబ్బరు తలుపును బయటికి నెడుతుంది. తలుపులు కుదిరాక ఎడమ నుంచి కుడికి, మూల నుంచి మూలకు గొట్టాలతో అడ్డ బిగింపులు వేయండి. అవి బండి లోపల మీకు అడుగడుగునా అడ్డం వస్తాయి, తల కూడా బాదుకుంటారు. అయినా బయటి రేకులన్నీ అతికే దాకా వాటిని తీయవద్దు.

రేకుకు అచ్చు, అచ్చుకు కాగితం

వెనుక భాగపు ఆకారాన్ని పట్టుకోవడానికి ఒక అచ్చు కావాలి. పెద్ద షాపుల్లో ప్లైవుడ్ పలకలను ఆరంగుళాలకు ఒకటి చొప్పున నిలబెట్టి చట్రంలా కడతారు. ఇంటికి 6 మి.మీ. కమ్మీతో అల్లిన తీగ అచ్చు చాలు. చవక, తేలిక, పైగా చేయి లోపలికి పెట్టి రేకు వెనక నుంచి చూసుకోవచ్చు. మధ్యగీతకు ఒకవైపు మాత్రమే మనసుకు నచ్చేదాకా వంచి, ఆ కమ్మీల అట్ట నకళ్లు తీసి తిరగేసి రెండోవైపు చేయండి. రెండు వైపులూ కంటి అంచనాతో చేస్తే ఎప్పటికీ కలవవు.

తరవాతి పని దర్జీ పనికి దగ్గర బంధువు. అచ్చు మీద పలుచని కాగితాన్ని అయస్కాంతాలతో పరిచి చేత్తో నిమరండి. కాగితం కొన్నిచోట్ల చక్కగా కూర్చుంటుంది, కొన్నిచోట్ల అంచున కుచ్చులు పడుతుంది, కొన్నిచోట్ల సాగలేక చిరుగుతుంది. కుచ్చులు పడ్డచోట రేకును కుదించాలి, చిరిగినచోట సాగదీయాలి. జాకెట్టు కుట్టేవాళ్లు గుడ్డను డార్ట్ వేసి దగ్గరికి లాగినట్టే, మనం రేకును మిషను పళ్ల మధ్య నొక్కి దగ్గరికి లాగుతాం. తేడా ఏమిటంటే గుడ్డలో మిగులు లోపలికి మడుస్తారు, రేకులో ఆ మిగులు మందంగా మారుతుంది. కాగితం మీద ఈ గుర్తులన్నీ రాసి పెట్టుకుంటే మీ పనికి అదే పటం.

ఒకే పెద్ద రేకుతో చేయాలన్న పంతం వద్దు. ప్రతి పక్కనూ రెండు మూడు ముక్కలుగా విడగొట్టండి. అతుకు ఎక్కడ రావాలన్నది ముఖ్యం: వంపు తక్కువగా ఉన్నచోట, పదునైన మడతకు కనీసం రెండంగుళాల దూరంలో, వెనక నుంచి డాలీతో (సుత్తి దెబ్బకు రేకు వెనక ఆనించే ఉక్కు దిమ్మ) చేయి ఆడేచోట రావాలి. స్తంభం వెనక అతుకు పెడితే దాన్ని తరవాత సుత్తితో సరిచేయడానికి దారి ఉండదు.

రేకు 19 గేజి, అంటే సుమారు 1.06 మి.మీ. మందం ఉన్న కోల్డ్ రోల్డ్ ఉక్కు, అంటే వేడి చేయకుండా రోలర్ల మధ్య నొక్కి తీసిన ఉక్కు తీసుకోండి. 18 గేజి మందం ఎక్కువై చేతికి మొండికేస్తుంది, 20 గేజి పలచనై వెల్డింగ్ వేడికి త్వరగా వంకరపోతుంది. జింకు పూత ఉన్న రేకు చవకగా దొరికినా కొనవద్దు. వెల్డింగ్‌లో జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది.

వంపు తేవడానికి ఇసుక సంచి, చెక్క సుత్తి, చిన్న ఇంగ్లీష్ వీల్, అంచులు కుదించి సాగదీసే ష్రింకర్-స్ట్రెచర్ జత ఉంటే సరిపోతుంది. ముందు ఇసుక సంచి మీద సుత్తితో గుంట తీయాలి. రేకు అప్పుడు చింతపిక్కలు పరిచినట్టు ఎగుడుదిగుడుగా, చూస్తే ఏడుపొచ్చేలా ఉంటుంది. కంగారు పడవద్దు. ఇంగ్లీష్ వీల్ రెండు చక్రాల మధ్య పక్కపక్కనే సన్నటి వరసల్లో పోనిస్తే ఆ గుంటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇత్తడి బిందె సొట్ట తీసే మనిషిని చిన్నప్పుడు వీధి అరుగు మీద కూర్చుని చూసినవారికి ఇది తెలుసు: ఆయన సొట్ట నడుమ ఒక్క పెద్ద దెబ్బ కొట్టడు, చుట్టూ చిన్న దెబ్బలతో దాన్ని మాయం చేస్తాడు. నాలుగు వరసలకొకసారి రేకును అచ్చు మీద పెట్టి చూడండి. వంపు చాలకపోతే మరో రెండు వరసలు తోలవచ్చు. ఎక్కువైతే తగ్గించడం చాలా కష్టం. కన్నుకు కనిపించని ఎత్తుపల్లాలు పలుచని నూలు చేతితొడుగు వేసుకుని అరచేత్తో నిమిరితే తెలుస్తాయి.

వెల్డింగ్

ముక్కలన్నీ అచ్చు మీద, అస్థిపంజరం మీద క్లాంపులతో బిగించి, ఏ ఒత్తిడీ లేకుండా తమంతట తామే కూర్చునేదాకా టార్చి ముట్టుకోవద్దు. బలవంతంగా లాగి అతికిన రేకు తన పగ తరవాత తీర్చుకుంటుంది. ఒక రేకు మీద మరొకటి ఎక్కించే అతుకు వేస్తే మధ్యలో తేమ చేరి తుప్పు పడుతుంది, సుత్తి పని కూడా సాగదు. కాబట్టి అంచుకు అంచు తాకేలా, వెంట్రుక సందు కూడా లేకుండా అరగదీసి అతకాలి.

టిగ్ మిషను (పూరక కడ్డీని చేత్తో అందించే వెల్డింగ్) ఉంటే అతుకు మెత్తగా ఉండి సుత్తికి లొంగుతుంది. మిగ్ (తీగను మిషనే అందించే వెల్డింగ్) మాత్రమే ఉంటే 0.6 మి.మీ. తీగతో, ఆర్గాన్ 75, కార్బన్ డయాక్సైడ్ 25 పాళ్ల వాయువుతో, ఒక్కో చుక్కగా దూరదూరంగా వేస్తూ వెళ్లవచ్చు. ఏదైనా ముందు అంగుళానికో టాక్ వేయాలి, ప్రతి టాక్‌నూ డాలీ మీద పెట్టి మెల్లగా కొట్టి సమం చేయాలి, ఆ తరవాతే మధ్యలో నింపాలి. రేకును బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేసేవారు డబ్బా మీద క్లోరిన్ సమ్మేళనాలు ఉన్నాయేమో చదవండి. ఆ అవశేషం మీద వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. నేను అసిటోన్ వాడి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మొదలుపెడతాను.

నా మొదటి ఎడమ వెనుక రేకును నేనే పాడుచేసుకున్నాను. అతుకు చక్కగా సాగుతోందన్న ఉత్సాహంలో ఎనిమిది అంగుళాలు ఆపకుండా వేశాను. మర్నాడు చూస్తే అతుకు పక్కన అరచేయంత మేర ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టక్కుమని లోపలికి పోయి, వదలగానే టక్కుమని బయటికి వస్తోంది. ఉబ్బు మీద సుత్తితో కొట్టాను. ఇంకా పెరిగింది. రెండు సాయంత్రాలు అలా పోయాక అసలు సంగతి బుర్రకెక్కింది: ఉబ్బినచోట రేకు ఎక్కువ కాలేదు, అతుకు దగ్గర తక్కువైంది. చల్లారేటప్పుడు అతుకు వెంట లోహం ముడుచుకుని, పక్క రేకును తాడు బిగించినట్టు లాగింది. కాబట్టి కొట్టాల్సింది ఉబ్బును కాదు, అతుకును. లోపల డాలీని సరిగ్గా అతుకు కింద ఆనించి, పై నుంచి అతుకు గీత మీదే చిన్న చిన్న దెబ్బలు వేస్తూ వెళ్లాను. ఆ గీత మళ్లీ సాగేకొద్దీ ఉబ్బు తగ్గుతూ వచ్చి, ఒక దెబ్బకు ఆ టక్కు శబ్దం పూర్తిగా ఆగిపోయింది. అప్పటినుంచి ఒక అంగుళం వేసి, తాకగలిగేంత చల్లారాక, కొట్టి, మరో చోటికి పోతున్నాను. చల్లార్చడానికి నీళ్లు చల్లను.

నునుపు, రంగుకు ముందు

అతుకులు అరగదీశాక బాడీ ఫైలును ఏటవాలుగా లాగితే ఎత్తులు మెరుస్తాయి, పల్లాలు నల్లగా మిగులుతాయి. పల్లాన్ని వెనక నుంచి ఎత్తాలి, ఎత్తును అరగదీసి రేకు పలచన చేయకూడదు. పుట్టీ తప్పు కాదు, లావుగా పూయడం తప్పు, 3 మి.మీ. మించితే సుత్తి పని ఇంకా మిగిలి ఉందని అర్థం. ఒహాయో చలికాలంలో వేడి చేయని గ్యారేజీలో పుట్టీ సరిగ్గా గట్టిపడదు, అందుకని నేను ఆ పని ఏప్రిల్ దాకా ఆపాను.

తలుపు అంచులకూ, అతుకులు కలిసే మూలలకూ కొందరు ఇప్పటికీ పాతకాలపు సీసం పని ఇష్టపడతారు. 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం కలిసిన కడ్డీ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, 250 దాటాకే పూర్తిగా కరుగుతుంది; ఆ మధ్యలో వెన్నలా ఉన్నప్పుడు చెక్క తెడ్డుతో అద్దుతారు. అంతకుముందు రేకుకు తగరం పూత పూయాలి, అది అచ్చంగా ఇత్తడి పాత్రకు కళాయి వేయడమే. సీసాన్ని ఫైలుతోనే తీయండి. మిషను పెట్టి అరగదీస్తే లేచే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పని అయ్యాక వంటసోడా నీళ్లతో కడగకపోతే మిగిలిన ఆమ్లం రంగు కింద బొబ్బలు తెస్తుంది.

రంగు వేయకముందే బండిని వట్టి రేకుతో కొన్ని వందల మైళ్లు నడపండి. తుప్పు పట్టకుండా పలుచగా నూనె గుడ్డతో తుడుస్తూ ఉండాలి. గతుకుల్లో ఏ మూల పగులుతోందో, ఏ తలుపు దిగుతోందో, ఏది దేనికి రాసుకుంటోందో అప్పుడే బయటపడుతుంది. అప్పుడు చేసే వెల్డింగ్‌కు రంగు అడ్డం రాదు. ఆ తరవాత అన్నీ విప్పి, వట్టి ఉక్కు మీద ఎపాక్సీ ప్రైమరు వేయాలి. పై రంగు రెండు భాగాలు కలిపేది అయితే అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు ముసుగు చాలదు, బయటి గాలిని గొట్టంతో అందించే ముసుగు కావాలి. అది లేకపోతే రంగు పనిని పెయింటింగ్ షాపుకు అప్పగించండి, నేను అలాగే చేశాను.

బాడీని చాసిస్ మీద నుంచి ఎత్తేముందు ప్రతి బోల్టు కింద ఎన్ని షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని బిళ్లలు) ఉన్నాయో, ఏ మందానివో లెక్కపెట్టి, వాటిని ఆ బోల్టుతోనే చిన్న సంచిలో వేసి, స్థానం రాసిన చీటీ కట్టండి. రంగు వేసిన బాడీ తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు తలుపు సందులు మళ్లీ అవే 4 మి.మీ.కి వచ్చేది ఆ చీటీల వల్లే.